తప్పెట నంబరు

సుంకులమ్మకు కోపం వచ్చింది పుస్తకం మీద కాదు, దాని వీపు మీద అతికించిన నంబరు మీద.

కంప్యూటర్లు ఇంకా రాని కాలం అది. ఆ యూనివర్సిటీ లైబ్రరీలో లక్షకు పైగా పుస్తకాలు. ప్రతి పుస్తకం వీపు మీదా ఒక తెల్ల చీటీ, చీటీ మీద ఒక నంబరు. పుస్తకానికి ఆ నంబరే ఊరూ, వీధీ, ఇల్లూ. 780 దగ్గర సంగీతం మొదలవుతుంది. పాటలు 784. వీణ, వయొలిన్ 787. నాదస్వరం, వేణువు 788. మృదంగం, తబలా, కంజిర, కొట్టి వాయించేవన్నీ 789. మూడో అంతస్తులో, పొద్దుటి ఎండ పడే కిటికీల పక్కన ఉంటాయి ఆ అరలు.

ఆ నంబర్లు వేసే విభాగానికి పెద్ద జైబున్నీసా మేడం. ముప్పై ఏళ్లుగా అదే కుర్చీ. సన్నటి మనిషి, మందపాటి కళ్లద్దాలు, కొంగు చివర ఎప్పుడూ ఏదో ఒక సిరా మరక. ఇంకో మూడు నెలల్లో రిటైరవుతుంది. ఆమె దగ్గర పని నేర్చుకోవడానికి ఆ ఏడు వచ్చిన పిల్ల సుంకులమ్మ. ఏడాది శిక్షణ పూర్తయితే సర్టిఫికెట్ వస్తుంది. సర్టిఫికెట్ ఉంటేనే ఉద్యోగం.

మేడం పాఠాలు చెప్పదు. సుంకులమ్మ తప్పు నంబరు వేస్తే తిట్టదు కూడా. పుస్తకాన్ని తీసి మళ్లీ ఆమె ముందర పెడుతుంది, అంతే. ఒక పుస్తకం అట్లా తొమ్మిదిసార్లు వెనక్కొచ్చింది. పదోసారి రాకపోయేసరికి సుంకులమ్మకు పండగయింది.

సుంకులమ్మ నాయన తప్పెట వాయిస్తాడు. కొన్ని వైపుల డప్పంటారు, వాళ్ల వైపు తప్పెట. పెళ్లికీ, జాతరకీ, చావుకీ ఊళ్లో ఆయన్నే పిలుస్తారు. పిలిచి, వాకిలి దాటి లోపలికి మాత్రం రానివ్వరు.

ఒక మధ్యాహ్నం, అన్నాల వేళ, సుంకులమ్మ మూడో అంతస్తు ఎక్కింది. 789 అర ముందు నిలబడి ఒక్కో పుస్తకమూ చూసింది. మృదంగం మీద పదకొండు. తబలా మీద ఏడు. ఎక్కడో ఆఫ్రికా డోళ్ల మీద కూడా ఒకటి, రంగు బొమ్మలతో. తప్పెట మీద ఒక్కటీ లేదు.

కిందికొచ్చి కార్డుల అలమరలో వెతికింది. 'త' సొరుగులో కార్డు దొరికింది. పుస్తకం పేరు 'నలభై రెండు దరువులు'. రాసినవారు సంజీవరావు అయ్యవారు, పల్లెటూరి బడిపంతులు. నంబరు 393.

393 కింది అంతస్తులో, మెట్ల వెనక, పగలు కూడా లైటు వేసుకోవలసిన చోట ఉంది. ఆ అర చివర అట్టముక్క మీద రాసి ఉంది: శవ సంస్కారాలు.

అక్కడుంది పుస్తకం. ఒక పక్క ఈజిప్టు మమ్మీల పుస్తకం, ఇంకో పక్క శ్మశానాల చరిత్ర.

సుంకులమ్మ దాన్ని చేతిలోకి తీసుకుని అరచేత్తో దుమ్ము తుడిచింది. తర్వాత మెట్లెక్కి మూడో అంతస్తుకు పోయి, మృదంగం పుస్తకాల మధ్య సందు చేసి నిలబెట్టింది.

మరునాడు చూస్తే లేదు. అరలు సర్దేవాళ్లు నంబరు చూసి మళ్లీ మెట్ల వెనకే పెట్టారు. ఆమె మళ్లీ పైకి మోసింది. వాళ్లు మళ్లీ కిందికి దించారు. వారం రోజులు ఇదే వరస. 

మేడం ఇదంతా చూస్తూనే ఉంది. ఒకరోజు కార్డు టైపు చేస్తూ, తలెత్తకుండానే అడిగింది.

"చదివినావా దాన్ని?"

"ఏంటికి మేడం చదవడం? పుట్టినప్పటి నుంచీ వింటున్నదే గదా."

మేడం మిషన్లోకి ఇంకో కార్డు ఎక్కించింది.

"ఆ నంబరు వేసినవాళ్లు ఎవరో గానీ," అంది సుంకులమ్మ, "వాళ్లింట్లో పెళ్లి మేళం కూడా వినుండరు."

టైపు మిషను ఒక్క క్షణం ఆగింది. మళ్లీ కదిలింది.

ఎనిమిదో రోజు సుంకులమ్మ పుస్తకాన్ని మృదంగం పుస్తకాల మధ్య పెట్టలేదు. వాటి వెనక, గోడవైపు దాచింది. ఇంక ఎవరు దించుతారో చూద్దామనుకుంది. ఆ మరునాడు ఆమెకు సెలవు. హాస్టల్లో బట్టలుతుక్కుని, తల దువ్వుకుని, హాయిగా నిద్రపోయింది.

తిరిగొచ్చేసరికి బల్ల మీద ఒక చీటీ ఉంది. పుస్తకం కావలసినవాళ్లు రాసిచ్చే చీటీ అది. పేరు ఎల్లప్ప. ఊరు ఆదోని వైపు ఒక పల్లె. పుస్తకం నంబరు 393. కింద సంతకం చోట నీలం వేలిముద్ర.

"నిన్న పొద్దున తొమ్మిదికి వచ్చినాడు," అంది మేడం. "తప్పెట వాయించే మనిషి. డెబ్బై ఏళ్లుంటాయి. ఆ పుస్తకంలోని దరువుల్లో సగం వాళ్ల నాయన చెప్తే అయ్యవారు రాసుకున్నవంట. కంకణాల దరువని ఒకటుందంట, జాతరలో కంకణం కట్టేటప్పుడు కొట్టేది. ఇరవై ఏళ్లు ఊళ్లో జాతర చేయలేదు. ఈ ఏడు చేస్తున్నారు. ఈయనకు దరువు సగమే గుర్తుంది. ఊరి బడిలో టీచరమ్మ ఇక్కడ చదువుకునేటప్పుడు పుస్తకం చూసిందంట, నంబరు కాగితం మీద రాసిచ్చింది."

సుంకులమ్మ చూపు మూడో అంతస్తు మెట్ల వైపు పోయింది.

"అందరం వెతికినాం. మెట్ల వెనక లేదు. పైన మృదంగాల్లోనూ లేదు. నాలుగు దాకా ఆ బెంచీ మీద కూచున్నాడు. నాలుగున్నరకు ఆయన బస్సు."

మేడం రబ్బరు ముద్రనూ, సిరా అట్టనూ సుంకులమ్మ వైపు జరిపింది. దొరకని పుస్తకాల చీటీల మీద కొట్టే ముద్ర అది. అరలో లేదు, అని ఉంటుంది దాని మీద.

"కొట్టు," అంది.

సుంకులమ్మ ముద్ర చేతిలోకి తీసుకుంది. చెయ్యి దించడానికి చాలాసేపు పట్టింది. కొట్టినప్పుడు వంకరగా పడింది, సగం అక్షరాలు వేలిముద్ర మీద.

ఆమె లేచి మూడో అంతస్తుకు పోయింది. పుస్తకం తెచ్చి మేడం ముందర పెట్టింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి గానీ గొంతు తగ్గలేదు.

"దాయడం తప్పే మేడం. ఆ తాతకు అన్యాయం చేసినా. కానీ ఇది ఆ మెట్ల వెనక ఉండకూడదు. ఆ నంబరు ఉన్నంతకాలం నేను మోస్తూనే ఉంటా. మీరు నన్ను పంపించేసినా సరే."

"పుస్తకాన్ని మోసినావు," అంది మేడం. "నంబరు ఆడనే ఉంది."

సొరుగు తెరిచి ఒక కాగితం తీసి ఇచ్చింది. నంబరు మార్చమని కోరే కాగితం. పాత నంబరు, కొత్త నంబరు, కారణం. కారణానికి పది ఖాళీ గీతలు.

సుంకులమ్మ దాన్ని చూసి, "కారణం ఏముంది మేడం? కోపం," అంది.

"కోపానికి గడి లేదు దాంట్లో. చూడు."

మేడం పుస్తకాన్ని ఆమె వైపు జరిపింది. "ఎన్ని దరువులున్నాయి?"

"నలభై రెండు. పేరులోనే ఉంది గదా."

"చావువి ఎన్ని?"

సుంకులమ్మ పుస్తకం తీసుకుని చదివే హాల్లోకి పోయింది.

మొదటి పాఠం శవం లేచేటప్పుడు కొట్టే దరువు. రెండోది దారి దరువు, మూడోది గుంత దగ్గరిది. అయ్యవారు ఆ ఊరికి బదిలీ అయి వచ్చిన రోజే ఎవరో పోయారట, ఆయన మొదట విన్నది అదేనట, అందుకే దానితో మొదలుపెట్టానని రాసుకున్నాడు. అంతే. నాలుగో పాఠం నుంచి పుస్తకం మరో దారి పట్టింది. పెళ్లికొడుకును ఎదురుకునే దరువు. వాన కోసం కొట్టేది. ఎద్దులు బండ లాగేటప్పుడు కొట్టేది. ఊళ్లో చాటింపు వేసేది. అడవి పందులు చేలో పడితే తరిమేది. మారెమ్మకు మూడు రకాలు. పిల్లలు ఊరికే ఎగరడానికి ఒకటి. తప్పెటకు సెగ ఎంతసేపు చూపాలో, ఎడమ చేతి సన్న పుల్ల ఎక్కడ తగలాలో, కుడి చేతి పుల్ల ఎప్పుడు ఆగాలో, అన్నీ బడిపంతులు ఎక్కాలు రాసినంత శ్రద్ధగా రాశాడు.

సుంకులమ్మకు తెలిసినవి పదిహేనో పదహారో. మిగతావి ఆమె ఎన్నడూ వినలేదు. వాళ్ల నాయన కూడా వినుండడు.

సాయంత్రానికి చివరి పుట తిప్పింది. నలభై రెండిట్లో చావువి మూడు.

ఆ మూడూ తీసేసి ముప్పై తొమ్మిది పేర్లూ వరసగా కాగితం మీద రాసింది. పది గీతలు చాలక వెనక్కి తిప్పి రాసింది.

నంబరు మార్చడానికి మరునాడు కార్డులు బయటికి తీయాలి. ఒక పుస్తకానికి ఆరు కార్డులుంటాయి, ఒక్కొక్కటి ఒక్కో సొరుగులో. అయిదు తీసింది. ఆరోది లోపలి గదిలో, విభాగం వాళ్లు మాత్రమే చూసేది. పుస్తకం మొదట వచ్చిన రోజు రాసిన కార్డు అది. దాని వెనక నంబరు వేసినవాళ్ల పొట్టి అక్షరాలుంటాయి.

సుంకులమ్మ కార్డు వెనక్కి తిప్పింది. జై.ని. అని ఉంది. ఆ 'జై' కింది వంపును ఆమె రోజూ మేడం రాతలో చూస్తూనే ఉంది.

కార్డు పట్టుకుని మేడం బల్ల దగ్గరికి వచ్చింది. కార్డును బోర్లా పెట్టింది.

మేడం చూసింది. కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది.

"నేను చేరిన మొదటి ఏడు. రోజుకు అరవై పుస్తకాలు రావాల బల్ల మీద నుంచి. మొదటి పాఠం చదివి మూసినా."

"మీరా మేడం?" సుంకులమ్మ గొంతు లేచింది. "మీరూ అంతేనా? తప్పెట అంటే చావు మేళమేనా మీకూ?"

బల్లల దగ్గరున్న ఇద్దరు తలలెత్తి చూశారు. సుంకులమ్మ తగ్గలేదు.

"వారం రోజులు నేను మెట్లెక్కి దిగుతుంటే చూస్తా కూచున్నారు. ఒక్క మాట చెప్పలేదు!"

"పందొమ్మిదో దరువు చదివినావా?" అని అడిగింది మేడం.

సుంకులమ్మకు గుర్తుంది. పీర్ల పండక్కి, నిప్పుల గుండం చుట్టూ తిరిగేటప్పుడు కొట్టే దరువు.

"మా ఇంటి ముందరే గుండం. మా అబ్బా నన్ను భుజాల మీద ఎక్కించుకుని తిప్పేవాడు. ఆ తప్పెట మోగితే నా కాళ్లు ఆయన గుండె మీద ఆడేవి." మేడం కళ్లద్దాలు పెట్టుకుంది. "అది ఈ పుస్తకంలో ఉందని మొన్న, నువ్వు దాన్ని పైకీ కిందికీ మోస్తుంటే, తెరిచి చూసేదాకా తెలియదు."

సుంకులమ్మకు కోపం పోలేదు. పోకుండానే పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది.

"కార్డు మీద పడనియ్యకు," అంది మేడం. "సిరా చెదురుతుంది."

అప్పుడు గానీ తాను ఏడుస్తున్నట్టు సుంకులమ్మకు తెలియలేదు.

కాగితం లైబ్రేరియన్ శేషశయనం గారి దగ్గరికి పోయింది. ఆయన చెడ్డవాడు కాదు. గొడవలంటే భయం, అంతే. ఇద్దర్నీ గదికి పిలిపించాడు.

"ఎల్లప్ప అనే ఆయన వచ్చిన రోజు ఈ పుస్తకం కనపడలేదట. ఎవరు తీశారు?"

"నేనే సార్," అంది సుంకులమ్మ. "సంగీతం అరలో దాచినాను."

ఆయన నిట్టూర్చాడు. "చూడమ్మా, నీ సర్టిఫికెట్ మీద నేను సంతకం పెట్టాలి. తెలియక చేశానని ఒక్క ముక్క రాసివ్వు. ఇక్కడితో వదిలేద్దాం."

ఆయనే కాగితమూ, కలమూ ఇచ్చాడు. సుంకులమ్మ నిలబడే రాసింది. ఆయన తీసుకుని పైకి చదివాడు.

"పుస్తకం జరిపినది నేనే. తెలిసే జరిపినాను. ఎల్లప్ప తాతకు అది దొరకకుండా చేసినందుకు ఆయన దగ్గరికే పోయి క్షమాపణ చెప్పుకుంటాను. సంగీతం అరలో పెట్టినందుకు చెప్పుకోను."

ఆయన కాగితాన్ని బల్ల మీద పెట్టాడు.

"ఇదా ఒక్క ముక్క?" అన్నాడాయన మేడం వైపు చూసి. "మీరు నేర్పించిందేనా ఇది?"

"లేదు సార్. వచ్చేటప్పుడే తెచ్చుకుంది."

ఆయన నంబరు మార్పు కాగితం తీశాడు. "సరే, దీని సంగతి. మృదంగం పుస్తకాల మధ్య తప్పెట పుస్తకం పెడితే సంగీతం డిపార్ట్‌మెంటు వాళ్లు ఊరుకుంటారా? ఎంతైనా అది చావుల దగ్గర వాయించేది."

మేడం చంకలో ఒక పుస్తకం పెట్టుకునే వచ్చి ఉంది. అది ఆయన బల్ల మీద పెట్టింది. భజన తత్వాల పుస్తకం, బాగా నలిగింది, వీపు మీద 784.

"వీటిని మా వైపు శవం ముందర రాత్రంతా పాడతారు సార్. దీన్ని కూడా మెట్ల వెనక్కి పంపమంటారా?"

ఆయన పుస్తకం తెరిచాడు. రెండు పుటలు తిప్పాడు. ఆయనకూ తెలిసిన తత్వాలే అవి. మూసేశాడు.

"మీరన్నది నిజమే కావచ్చు. కానీ పద్ధతి ఒకటుంది కదా మేడం. ఒకసారి వేసిన నంబరు మార్చాలంటే కమిటీ కూర్చోవాలి. అది ఏడాదికోసారి. లేదా వేసినవాళ్లే తప్పని రాసివ్వాలి. ముప్పై ఏళ్ల కిందటి మాట. ఎవరు వేశారో, వాళ్లిప్పుడు ఎక్కడున్నారో!"

సుంకులమ్మ నేల వైపు చూస్తూ నిలబడింది. ఆ పేరు ఆమెకు తెలుసు. తన నోటి నుంచి మాత్రం రాదని పళ్లు బిగపట్టుకుంది.

మేడం ఆరో కార్డు తీసి, వెనక వైపు పైకి వచ్చేటట్టు బల్ల మీద పెట్టింది.

"ఇక్కడే ఉన్నారు సార్."

ఆయన కార్డు చూశాడు, మేడంను చూశాడు. కుర్చీలో ముందుకు వంగి, గొంతు తగ్గించి అన్నాడు.

"మూడు నెలల్లో వెళ్లిపోతున్నారు. ఇప్పుడు మీ చేత్తో మీరే తప్పని రాసుకోవడం ఏమిటి? ఇన్నేళ్ల సర్వీసులో మీ పనిలో ఒక్క మచ్చ లేదు."

"ఉంది సార్. ముప్పై ఏళ్లుగా కింది అంతస్తులో ఉంది."

మార్పుల రిజిస్టరు తెరిచి ఆమె ఎర్ర సిరాతో రాసింది. 393 తప్పు. వేసింది నేను. సరైనది 789.1. పొట్టి అక్షరాలు పెట్టలేదు. జైబున్నీసా అని పూర్తిగా రాసి తేదీ వేసింది. 

శేషశయనం గారు ఆ ఎర్ర అక్షరాలు ఇంకోసారి చదివాడు. తర్వాత పక్కన సంతకం పెట్టాడు. సుంకులమ్మ రాసిన కాగితం మాత్రం ఫైల్లో పెట్టలేదు. మడిచి ఆమె చేతికే ఇచ్చాడు.

"ఇది ఆ పెద్దాయన దగ్గరికి పట్టుకెళ్లు," అన్నాడు.

ఆ ఆదివారమే సుంకులమ్మ బస్సెక్కింది. మేడం తన కార్డు మీద పుస్తకం తీసిచ్చింది.

ఎల్లప్ప ఇంటి ముందు మంచం మీద కూర్చున్నాడు. సుంకులమ్మ మంచం కోడు పక్కన నేల మీద కూర్చుని ముందుగా తన తప్పు చెప్పుకుంది.

"ఆ పొద్దు పుస్తకం దాచింది నేనే తాతా."

"ఏంటికి పాపా?"

"చావుల అరలో పెట్టినారని. చూళ్లేకపోయినా."

ఆయన దవడ నిమురుకున్నాడు. "చావు దరువు తక్కువదా ఏంది? అన్నిటికన్నా అదే కష్టం. ఏడ్చి ఏడ్చి కాళ్లు పడిపోయినోళ్లను నడిపించాల. మా నాయన నాకు అది చివర్న నేర్పినాడు." మంచం పట్టె మీద వేలితో ఒక దెబ్బ కొట్టాడు. "కానీ మాది అదొక్కటే అంటే ఒప్పుకోను. ఎవురన్నా సరే."

సుంకులమ్మ కంకణాల దరువు తీసి చదివింది. ఒక్కో దెబ్బకు అయ్యవారు ఒక్కో అక్షరం పెట్టాడు. ఎల్లప్ప కళ్లు మూసుకున్నాడు. వేళ్లు తొడ మీద కదిలాయి. సగం దాటాక ఆ వేళ్లు తడబడ్డాయి, వెతికాయి, మళ్లీ దారి పట్టాయి. ఆమె చదవడం ఆపేసినా అవి ఆగలేదు.

చివరికి కళ్లు తెరిచి అన్నాడు. "అయ్యవారు ఒక దెబ్బ మింగినాడు. ఆడ ఇంకోటి పడాల. రాసుకో."

పుస్తకం లైబ్రరీది, అందులో రాయకూడదు. సుంకులమ్మ సంచిలోంచి తెల్ల కాగితం తీసింది.

సాయంత్రం దాకా అట్లా పదమూడు చోట్ల రాసుకుంది. నాలుగు దరువులైతే పుస్తకంలో లేనే లేవు.

మూడు నెలలు గడిచాయి. పుస్తకం మూడో అంతస్తులో కిటికీ పక్కన, మృదంగాల మధ్య నిలబడింది. అరలు సర్దేవాళ్లు దాన్ని మళ్లీ దించలేదు.

మేడం చివరి రోజున, మధ్యాహ్నం దండలూ టీలూ అయిపోయాక, సంగీతం డిపార్ట్‌మెంటు నుంచి ఒక ఉత్తరం వచ్చింది. మృదంగ గ్రంథాల నడుమ తప్పెట పుస్తకం ఉండటం వల్ల విద్యార్థులు అయోమయపడుతున్నారనీ, దానిని తగిన చోటికి మార్చవలసిందనీ ఉంది అందులో.

మేడం చదివి, ఉత్తరాన్ని సుంకులమ్మ వైపు జరిపింది.

సుంకులమ్మ రెండుసార్లు చదివింది. మొదట ఒక పుట రాద్దామనుకుంది. ముప్పై తొమ్మిది పేర్లూ మళ్లీ రాద్దామనుకుంది. తర్వాత ఉత్తరాన్ని వెనక్కి తిప్పి, ఒక్క వాక్యం రాసింది.

పుస్తకం తగిన చోటనే ఉంది.

దాన్ని సంతకం కోసం మేడం ముందర పెట్టింది. మేడం చదివింది. కలం మూత తీసింది. ఒక క్షణం ఆలోచించి, కలాన్ని సుంకులమ్మ చేతిలో పెట్టింది.

"కింద నీ పేరు రాయి," అంది. "కొట్లాటకొచ్చేవాళ్లకు మనిషి దొరకాల గదా."

సుంకులమ్మ రాసింది. హాస్టల్లో ఎవరడిగినా ఎన్నడూ చెప్పని ఇంటిపేరుతో సహా, పెద్ద అక్షరాలతో.

మాతంగి సుంకులమ్మ.